ఖాళీకి మూత

మా అక్కావాళ్ల స్నానాలగదిలో నా తల కంటే కాస్త ఎత్తున ఒక చిన్న వెంటిలేటర్ ఉంది. ఏటవాలుగా పేర్చిన అద్దపు పలకల సందుల్లోంచి చూస్తే ఆకాశం కనిపించదు, ఎదురుగా ఇంకో గోడ కనిపిస్తుంది. ఆ గోడకీ మా గోడకీ మధ్య ఒక మనిషి చేతులు బారచాపితే నిండిపోయేంత ఖాళీ. అది కింద నేల నుంచి పైన డాబా దాకా బావిలా నిలువునా ఉంటుంది. నీళ్ల గొట్టాలు, మురుగు గొట్టాలు అన్నీ అందులోంచే దిగుతాయి. అందరూ దాన్ని డక్ట్ అంటారు.

పై చదువు కోసం ఊరి నుంచి అక్క ఇంటికి వచ్చిన కొత్తలో నాకు ఆ డక్ట్ అంటే భయం. మా బావ ఒక కట్టుబడి కంపెనీలో ప్లాన్లు గీస్తాడు. నా భయం సంగతి అక్క చెబితే, ఒక ఆదివారం ఆయన మా బిల్డింగ్ ప్లాన్ తెచ్చి భోజనాల బల్ల మీద పరిచాడు.

"ఇదిగో మరదలా, ఇది నువ్వు పడుకునే గది. ఇది మీ అక్క నన్ను తిట్టే వంటిల్లు."

"మరి ఈ ఇంటూ గుర్తేంటి బావా?"

"అదే నీ దెయ్యాల బావి. ఇంటూ పెట్టామంటే అక్కడ ఏమీ లేదని అర్థం."

"ఏమీ లేనిదాన్ని గీయడం దేనికి?"

"ఏమీ లేదని గుర్తుండాలి కదా! లేకపోతే ఎవడో ఒకడు తీసుకెళ్లి అక్కడ బీరువా పెడతాడు."

అక్క వంటింట్లోంచే అంది. "దానికి నోరు తెరుచుకోదు, మీకు నోరు మూతపడదు. సరిపోయారు ఇద్దరూ."

అక్క అన్నది నిజమే. మా ఊరి బడిలో హాజరు పిలిచినప్పుడు నేను పలికింది నాకే వినిపించేది కాదు. ఎన్నోసార్లు బెంచీ మీద కూర్చునే గైర్హాజరయ్యాను. నలుగురిలో చెప్పలేనివన్నీ డైరీలో రాసుకోవడం అలవాటైంది. గట్టిగా చదువుకోవాలంటే మాత్రం గడియ పెట్టుకుని, కుళాయి తిప్పుకుని, స్నానాలగదిలోనే. ఎవరికీ వినిపించదని నా ధైర్యం.

ఒకరోజు పొద్దున అక్కా బావా పనులకు వెళ్లిపోయాక, సైన్సు పాఠం వల్లెవేసుకుంటూ తల తుడుచుకుంటున్నాను. ఎక్కడో పైనుంచి, బావి గట్టున నిలబడి లోపల ఉన్నవాళ్లని పిలిచినంత దూరంగా, ఒక ఆడగొంతు వినిపించింది.

"హలో... ఎవరు లైన్లో?"

నా చేతిలో తువ్వాలు జారిపోయింది.

"గుండెకి నాలుగు గదులన్నావు. తర్వాత? అద్దెకిచ్చారా?"

నాకు నవ్వొచ్చింది. నవ్వు బయటికి వచ్చేశాక ఇక లేనట్టు నటించడం కుదరలేదు. "ఇంకా చదవలేదండీ" అన్నాను.

"అబ్బో, ఎంత చిన్న గొంతే! పిట్ట కూసినట్టుంది."

అలా మొదలైంది. ఆవిడ ఒకప్పుడు టెలిఫోన్ ఆఫీసులో ఆపరేటరు. కొడుకూ కోడలూ ఉద్యోగాలకు వెళ్లాక, మోకాళ్ల నొప్పులకు వేడినీళ్లు పోసుకుంటూ తీరిగ్గా స్నానం చేస్తుంది. ఆ తీరికలో నాతో మాట్లాడేది. నేను ఆవిడకి పిట్టని. ఆవిడ నాకు లైను అత్తయ్య. రోజూ స్నానానికి వెళ్తే నా కాలేజీ బస్సు తప్పిపోయేంత ఆలస్యం అయ్యేది.

"ఒకసారి మా ఇంటికి రాకూడదటే?" అని అడిగింది.

"సిగ్గండీ."

"పోనీలే. నేను సర్వీసంతా మొహం తెలియని వాళ్లతోనే మాట్లాడాను. మొహాలు చూసుకున్నాకే మాటలు పాడవుతాయి."

ఆఫీసు కబుర్లు ఎన్ని చెప్పేదో. ఒకసారి నేను, "అర్జెంటు కాలొస్తే ఏం చేసేవారు?" అని అడిగాను.

"మిగతా లైన్లన్నీ పీకేసేదాన్ని. పెళ్లి సంబంధాలు మాట్లాడుకుంటున్నా సరే, గొడవపడుతున్నా సరే. తిట్టేవాళ్లు తిట్టుకోనీ. ప్రాణం మీదికొచ్చిన మాట ముందు వెళ్లాలి. అప్పుడు మర్యాద చూసుకుంటే మనిషి పోతాడు."

నాకు ఈ ఊళ్లో ఆవిడ తప్ప ఇంకో స్నేహితురాలు లేదు.

ఆవిడకి ఒకటే బాధ, పావురాలు. "నా నెత్తిమీద కవాతు చేస్తున్నాయే పిట్టా! సబ్బుపెట్టె తీస్తే ఈకలు. మగ్గులో ఈకలు. ఏదోరోజు నేనే ఎగిరిపోతాను" అనేది. ఒక ఈక మా వెంటిలేటర్ పలకల్లోనూ ఇరుక్కుని ఉండేది. డక్ట్‌లో గాలి ఎప్పుడూ పైకి లాగుతూ ఉండేది కాబట్టి ఆ ఈక పగలూ రాత్రీ వణుకుతూనే ఉండేది.

ఆవిడ బిల్డింగ్ కమిటీకి ఫిర్యాదు చేసింది. కమిటీ కార్యదర్శి మా బావే. డాబా మీద డక్ట్ నోటికి ఫైబర్ షీటు వేయించాడు. చుట్టూ జానెడు సందు వదలమని దగ్గరుండి చెప్పాడు. పావురాలు ఆ సందులోంచి దర్జాగా దూరాయి. రెండోసారి పనివాడు వచ్చినప్పుడు బావ ఆఫీసులో ఉన్నాడు. నేను స్నానాలగదిలో బట్టలు తడుపుతున్నాను. పైన లైను అత్తయ్యా పనివాడూ మాట్లాడుకోవడం డక్ట్‌లోంచి నాకు వినిపించింది.

"నాయనా, ఈసారి పావురం ముక్కు కూడా దూరకూడదు."

"ముక్కేంటమ్మా, దోమ కూడా దూరదు. ఇదిగో, ఈ డబ్బాలో ఫోమ్ ఉంది చూశారా? నురగలా వస్తుంది, రాయిలా బిగుస్తుంది."

తర్వాత బుస్సుమని ఏదో చిమ్మిన చప్పుడు చాలాసేపు వచ్చింది. అది ఆగేసరికి మా వెంటిలేటర్లో ఈక కదలడం మానేసింది.

సాయంత్రం బావ డాబా ఎక్కి చూసి వచ్చాడు. "నేను సందు వదలమన్నాను, వాడు మొత్తం పూడ్చేశాడు. అయినా నీటుగానే ఉందిలే. డక్ట్‌లో ఉండేవి గొట్టాలే కదా, వాటికి గాలెందుకు" అన్నాడు.

ప్లాన్ ప్రకారం అది నిజమే. కానీ ప్లాన్లో లేనిది ఒకటుంది. అంతకుముందు డాబా మీద సోలార్ హీటర్లు ఉండేవట. తుప్పుపట్టి కారుతున్నాయని కమిటీ తీసేయించింది. దాంతో ప్రతి ఇంటివాళ్లూ స్నానాలగదిలో గ్యాస్ గీజర్ పెట్టుకున్నారు. వెంటిలేటర్లో ఒక అద్దం పలక తీసేసి, ఆ సందులోంచి గీజర్ పొగగొట్టం డక్ట్‌లోకి తోశారు. మాదీ అంతే. ఒకరి తర్వాత ఒకరు చేసుకున్నారు కాబట్టి ఎవరికీ అది పెద్ద మార్పులా అనిపించలేదు.

మూత పడ్డాక మొదట నాకు సంతోషమే కలిగింది. లైను అత్తయ్య గొంతు పక్కన కూర్చుని చెవిలో చెప్పినట్టు వినిపించింది.

"పిట్టా, లైను భలే క్లియర్‌గా ఉందే! ఇన్నాళ్లూ ట్రంక్ కాల్‌లా ఉండేది."

"అవునండీ, మా పై ఇంట్లోంచి మాట్లాడినట్టుంది."

ఆవిడ గొంతే కాదు, అన్నీ దగ్గరయ్యాయి. మూడో అంతస్తాయన పుక్కిలించడం, ఎవరో దగ్గడం, ఎవరిదో పిల్లాడు చన్నీళ్లు వద్దని ఏడవడం. బిల్డింగ్ అంతా ఒకే గదిలో స్నానం చేస్తున్నట్టుండేది. ఫైబర్ షీటు పచ్చది కావడంతో డక్ట్‌లోకి దిగే వెలుతురు పాచి పట్టిన నీళ్లలా మారింది. అద్దం మీద ఆవిరి ఎంతసేపటికీ ఆరేది కాదు. గోడలకి చెమట పట్టేది.

కొన్నాళ్లకి అక్క తలనొప్పి అనడం మొదలుపెట్టింది. "ఆఫీసులో ఆ కొత్త మేనేజరమ్మ వచ్చినప్పటి నుంచీ ఇంతే" అంది. నాకూ తల బరువుగా ఉండేది. "రాత్రిళ్లు ఆ డైరీ రాయడం తగ్గించు, కళ్లజోడు వస్తుంది" అంది. ఆదివారాలు అందరూ ఇంట్లో ఉండి తలస్నానాలు చేసేవారు. ఆ రోజుల్లో మధ్యాహ్నానికి బిల్డింగ్ అంతా నిద్రలో ఉండేది. మెట్ల మీద పిల్లల ఆటలు కూడా వినిపించేవి కావు.

గీజర్ పెట్టెకి చిన్న గాజు కన్ను ఉంటుంది. అందులోంచి మంట కనిపిస్తుంది. నేను వచ్చినప్పుడు అది నీలంగా, బుద్ధిగా ఉండేది. ఇప్పుడు పసుపుపచ్చగా, నాలుక చాపినట్టు ఊగుతోంది. గీజర్ పైన తెల్లటి టైలు మీద మసి పట్టింది. అక్క రుద్ది కడిగితే మర్నాటికి మళ్లీ వచ్చింది. అలాంటి మంట నాకు తెలుసు. మా ఇంట్లో కట్టెల పొయ్యి నోటికి అడ్డంగా ఏదైనా ఉంటే మంట అలాగే పచ్చబడేది, గిన్నె అడుగు నల్లబడేది. "పొయ్యికి ఊపిరాడట్లేదు, ఆ కట్టె జరుపు" అనేది అమ్మ.

బావకి చెబుదామని ఆయన ముందు నిలబడ్డాను.

"ఏంటి మరదలా?"

"గీజర్లో మంట..."

ఇంతలో ఆయన ఫోన్ మోగింది. కమిటీవాళ్లే, లిఫ్ట్ సంగతి. ఆయన చేత్తో ఆగమని సైగచేశాడు. ఆగాను. మాట్లాడుతూనే చెప్పులేసుకుని కిందికి వెళ్లిపోయాడు. తిరిగొచ్చేసరికి నా దగ్గరున్న ధైర్యం అయిపోయింది.

అప్పటికే లైను అత్తయ్యలో ఏదో తేడా కనిపిస్తోంది. చెప్పిన కబురే మళ్లీ చెప్పేది. మధ్యలో ఆగిపోయి, "ఏం చెప్తున్నానే?" అనేది. ఒకరోజు, "కాళ్లు దూదిలా ఉన్నాయే పిట్టా. స్నానానికి వచ్చినప్పుడే ఇలా. బయటికెళ్తే బాగానే ఉంటాను. పెద్దదాన్నయిపోయాను మరి" అంది. కిటికీ తీసుకోమని చెప్పాను. "తీసే ఉందే, అయినా గాలి రావట్లేదు" అంది.

కాలేజీకి సెలవున్న ఒక రోజు. పొద్దున్నుంచీ వాన. అక్కా బావా పనులకు వెళ్లిపోయారు. అన్ని ఇళ్లలోనూ గీజర్లు మండుతున్నాయి. నేను స్నానం ముగించి గీజర్ ఆపాను. వంగి బకెట్ తీయబోతే కళ్లు తిరిగాయి. గోడ పట్టుకుని నిలబడ్డాను.

"పిట్టా" అని వినిపించింది. ఎంత దగ్గరగా అంటే వెనక్కి తిరిగి చూశాను.

"చెప్పండి అత్తయ్యగారూ."

"ఎవరు లైన్లో?"

"నేనేనండి, పిట్టని."

"నంబరు చెప్పండి."

ఆట ఆడుతోందనుకున్నాను. "నా దగ్గర నంబరు లేదుగా" అని నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

"నంబరు చెప్పండి. లైన్లన్నీ బిజీగా ఉన్నాయి. కాస్త ఆగి చేయండి. నంబరు..."

మాటలు ముద్దగా వస్తున్నాయి. మగ్గు కిందపడి దొర్లింది. దాని వెనకే బరువైనదేదో గోడకి రాసుకుంటూ జారిన చప్పుడు. ఆ తర్వాత కుళాయి నీళ్లు పడుతూనే ఉన్నాయి. ఆ నీళ్ల వెనక గీజర్ బుసబుస ఆగలేదు.

"అత్తయ్యగారూ! లైను అత్తయ్యా!"

జవాబు లేదు. పలకల్లో ఈక నిటారుగా, చచ్చినట్టు ఉంది. దాని పక్కనే మా పొగగొట్టం నోరు డక్ట్‌లోకి తెరుచుకుని ఉంది. అందరి పొగగొట్టాలూ అందులోకే తెరుచుకుని ఉన్నాయి. పైన మూత ఉంది. పొయ్యికి ఊపిరాడట్లేదు. ఆ పొయ్యిలో ఆవిడ ఉంది.

మిగతా లైన్లన్నీ పీకేయాలి.

బకెట్ బోర్లించి ఎక్కాను. పలకలకి నోరు ఆనించాను. నా గొంతులోంచి అలాంటి అరుపు రాగలదని నాకు తెలియదు.

"అందరూ గీజర్లు ఆపేయండి! ఆపేయండి! తలుపులు తెరిచి బయటికి రండి! మనిషి పడిపోయింది!"

డక్ట్ ఆ అరుపుని పైకీ కిందికీ మోసుకుపోయింది. పుక్కిలింత ఆగింది. ఒక్కో బుస ఆగిపోతూ వచ్చింది. "ఎవరే అది?" అని ఎవరో అరిచారు. ఒక్క గీజర్ మాత్రం ఆగలేదు, పైన.

తడి జుట్టుతోనే పరిగెత్తాను. మా పైన మూడో అంతస్తు. తలుపు దబదబా బాదాను. నడుముకి తువ్వాలు, చెవుల నిండా సబ్బు నురగతో ఒకాయన తలుపు తీశాడు.

"నువ్వేనా అరిచింది? సబ్బు కళ్లల్లో పడింది తెలుసా! ఏం పిల్లవే నువ్వు!"

"ఆవిడేరండీ? పెద్దావిడ... టెలిఫోన్లో..."

"ఇక్కడే పెద్దావిడా లేదు. నేను, మా ఆవిడ, రెండు చేపలు."

నాకు ఏడుపొచ్చింది. అంత దగ్గరగా వినిపించిన మనిషి ఇక్కడ లేకపోతే ఇంకెక్కడుంటుంది? దగ్గరగా వినిపించింది మూత పడ్డాకే కదా. మొదటిరోజు ఆ గొంతు ఎంత దూరంలో ఉంది! 'నా నెత్తిమీద కవాతు' అంది. నెత్తిమీద ఇంకో ఇల్లుంటే పావురాలెలా నడుస్తాయి?

"పైన! అన్నిటికంటే పైన!" అని మెట్లెక్కాను.

ఆయన నా మొహంలో ఏం చూశాడో, తువ్వాలు బిగించుకుని వెనకే వచ్చాడు. ప్రతి అంతస్తులోనూ తలుపులు తెరుచుకుంటున్నాయి. తడితలల మనుషులు, కోపంగా కొందరు, తూలుతూ కొందరు. ఒకామె గుమ్మంలోనే కూర్చుండిపోయి తల పట్టుకుంది.

చివరి అంతస్తులో తలుపుకి లోపల గడియ. గంట కొట్టినా పలకలేదు. సబ్బు మొహమాయన భుజంతో తలుపుని గుద్దడం మొదలుపెట్టాడు. ఇంకో ఇద్దరు కలిశారు. నా బలం అక్కడ దేనికీ పనికిరాదు. మెట్లు ఇంకా పైకి ఉన్నాయి. డాబా మీదికి పరిగెత్తాను.

వానలో ఆ పచ్చటి షీటు నున్నగా మెరుస్తోంది. చుట్టూ పసుపు రంగు ఫోమ్, ఎండిన నురగ. గోళ్లతో పీకాను. గోళ్లు విరిగాయి కానీ అది రాలేదు. తీసేసిన సోలార్ హీటర్ల ఇనుప కాలు ఒకటి మూల పడి ఉంది. దాన్ని సందులో దూర్చి వేలాడాను. షీటు పటపటమని లేచింది.

లోపలి నుంచి వెచ్చటి గాలి నా మొహం మీద కొట్టింది. చాలాసేపు బిగబట్టిన ఊపిరి వదిలినట్టు. దానికి వాసన కూడా సరిగ్గా లేదు. మొహం పక్కకి తిప్పుకుని షీటుని పూర్తిగా నెట్టేశాను. గొట్టాల మధ్య చీకట్లోకి వాన పడింది. ఆ లోతులోంచి తలుపు విరిగిన చప్పుడు, మగవాళ్ల కేకలు, ఎవరో కుళాయి కట్టిన చప్పుడు వినిపించాయి. ఆవిడ గొంతు మాత్రం రాలేదు.

దుప్పటిలో మోసుకుని దించుతుంటే మెట్ల మలుపులో నిలబడి చూశాను. మొదటిసారి చూడటం. ఇంత చిన్న మనిషని అనుకోలేదు. చెంపలు ఎర్రగా, అప్పుడే నిద్రపోయిన పసిపిల్లలా నిండుగా ఉంది. ఆ ఎరుపు చూసి పక్కనున్నామె "ఫర్వాలేదు, మొహంలో కళ ఉంది" అంది. అది కళ కాదని, గీజర్ల పొగలోని విషవాయువు రక్తంలో కలిస్తే అలాగే ఉంటుందని డాక్టరు తర్వాత బావకి చెప్పాడట.

ఆ సాయంత్రం బావ ప్లాన్ పరుచుకుని కూర్చున్నాడు. ఇంటూ గుర్తు మీద పెన్నుతో మళ్లీ మళ్లీ గీశాడు. కాగితం చిరిగేదాకా గీశాడు. నేను పక్కన కూర్చున్నాను.

"ఆరోజు గీజర్ గురించి ఏదో చెప్పబోయావు కదూ?" అన్నాడు.

తలూపాను. ఆయన పెన్ను పక్కన పెట్టేశాడు.

ఆవిడ బతికింది. చాలారోజుల తర్వాత ఇంటికి తీసుకొచ్చారు. డక్ట్ మీద ఇప్పుడు మూత లేదు, వల కట్టారు. గీజర్లు బాల్కనీల్లోకి మార్చాలని కమిటీ తీర్మానం చేసింది. కొందరు మార్చారు. కొందరు వచ్చే నెల చూద్దామంటున్నారు. వల చింపుకుని పావురాలు మళ్లీ వచ్చాయి. మొన్న మెట్ల మీద ఎవరో "సగం మూసినా చాలు కదా" అంటుంటే విన్నాను. ఆగి, "కుదరదండీ" అన్నాను. వాళ్లు నన్ను వింతగా చూశారు.

ఆవిడ స్నానానికి ఇప్పుడు కోడలు తోడుంటుంది. నీళ్ల చప్పుడు ఆగాక, ఎంతో దూరం నుంచి, బావి గట్టు మీద నుంచి పిలిచినట్టు వినిపిస్తుంది.

"హలో... ఎవరు లైన్లో?"

"పిట్టని అత్తయ్యగారూ."

"ఏ పిట్ట?"

రోజూ అదే ప్రశ్న. రోజూ మొదటి నుంచి చెబుతాను. గుండెకి నాలుగు గదుల దగ్గర్నుంచి. ఆవిడ నవ్వుతుంది. మర్నాటికి అదంతా ఆవిడకి గుర్తుండదు. ఆఫీసు రోజులు మాత్రం నిన్నటివన్నట్టు చెబుతుంది.

ఈ పొద్దున కొత్తగా ఒక మాట అంది.

"ఇదిగో అమ్మాయీ, ఎవరో ఒక పిల్ల ఉండాలి. లైన్లన్నీ పీకేసింది. ఏం గొంతు అది, గోడలు అదిరిపోయాయి. ఆ పిల్ల నీకు తెలుసా?"

వెంటిలేటర్ వైపు చూశాను. ఈక కదులుతోంది.

"తెలుసండీ" అన్నాను.

"అయితే ఒకసారి కలుపు. మాట్లాడాలి."

"లైన్లో ఉండండి అత్తయ్యగారూ" అని, బకెట్ బోర్లించి ఎక్కాను.